ఏవరేజ్

"ఏటి బావూ, ఈ ముక్క?"
క్లెయిమ్ కాగితం మీద వేలు పెట్టి అడిగాడు
సూరాడ దానేసు.
గోటి కింద ఇంకా తారు.

ఏవరేజ్.
నాకు తెలిసి అది మా వాడి మార్కులు,
నా బండి లీటరుకి పోయే దూరం.
ఇక్కడేమో
విలువ తక్కువ రాయించావని
తుపానుకి చీలిన బోటు డబ్బుల్లో
సగం కోసేసిన కత్తి.

రాత్రి నిఘంటువులో దాని వేరు తవ్వాను.
మొదట అది
అరబ్బుల ఓడల్లో తడిసి చెడిన సరుకట.
గాలి లేచిన వేళ
ఎవడివో బస్తాలు నీళ్ళలోకి తోస్తే
ఓడ తేలేది.
ఒడ్డు చేరాక, సరుకు మిగిలినవాళ్ళు
పోయినవాడి నష్టాన్ని తలా ఇంత మోసేవారట.
ఆ పంపకమే
రేవులు మారి, నోళ్ళు మారి
లెక్కల పుస్తకంలో సగటై కూర్చుంది.

పొద్దున్నే కళింగపట్నం ఇసకలో చెప్పాను.
వల అల్లడం ఆపకుండానే విన్నాడు.
"అదా!
ఆ యేడు ఎర్రోడి వల కోసేసి
పడవని దక్కించినాం.
తొమ్మిది మందిమి తలా ఇంతేసి
కొత్తది కొనిచ్చినాం.
దానికో పేరెట్నేదు, అంతే."

దారం పళ్ళతో తెంపాడు.
"మరి నా కాడ కోసిన సగం
ఎవులు మోసినారు బావూ?"