ఆరడుగుల ఫిల్ము

చిత్తూరులో మామిడి సీజనంటే
మా టాకీసుకు పదకొండాటకొచ్చేదంతా
జ్యూసు ఫ్యాక్టరీ నైట్ షిఫ్టోళ్లే.
గోళ్ల సందుల్లో తోతాపురి పసుపు,
చొక్కాలకు పులిసిన తీపి.
ఈగలు టికెట్టు లేకుండా వాళ్లెనకాలే లోపలికొస్తాయి.

ఆ వారం బొమ్మ పెద్దలకు మాత్రమే.
పేరు 'శవం కన్ను కొట్టింది'.
అట్లాంటి బొమ్మలు తీసే బంగళాలోనే ఒక ఖూనీ.
పోయినామె జిల్‌జిల్ జలజ.
మంచం మీద పడుండాది, మెడకు చీర చెంగు.

మొదటి రీలు బాగానే ఉండె.
తలుపుకు లోపల గడియ. కిటికీకి ఊచలు.
లైట్‌బాయ్ చేతికి కొత్త గాటు.
ఎవుడబ్బా అని నేను గూడా
బీడీ ఆర్పి కంతలోంచి చూసినా.

అంతలో ఇన్‌స్పెక్టరు మా దిక్కు తిరిగి
"ఇది ఆ మాదిరి సినిమా, లాజిక్కు అడగద్దండి" అన్నాడు.
హాలు గొల్లుమనింది.
రెండో రీల్లో డైరెక్టరు వేషగాడొచ్చి
"ఇంత చెత్త నేనే తీసినానా" అని తల బాదుకున్నాడు.
సగం మంది నవ్వినారు.
నాలుగో రీల్లో ఎవుడో ఒకడొచ్చి
"బడ్జెట్ లేదు సార్, ఖూనీ గూడా నేనే చేసేసినా."
అప్పటికి ముందు వరసల్లో గురక.

తప్పు పట్టే మొగమా నాది?
పెండ్లి బంతిలో పక్కనోడు ఏం పని చేస్తావంటే
"బట్టలకొట్లోళ్లకు పగవాణ్ణి" అని
వాడి కంటే ముందు నేనే నవ్వేస్తా.
వడ్డించే పిల్ల నవ్వదు.
సాంబారు పోసి పక్క ఆకుకు పోతుంది.

ఐదో రీల్లో ఒక చోటుండాది.
మేకప్పు వేసే ముసలామె
శవం మొగం తడిగుడ్డతో తుడుస్తుంది.
రంగు పోయి, చెంపల మీద
అమ్మవారు పోసిన మచ్చలు తేలతాయి.
"చెంగమ్మా, నీళ్లు సల్లగుండాయా" అంటుంది.
అంతే. పదకొండు సెకన్లు.
ఈల వెయ్యను వేళ్లు నోట్లో పెట్టుకున్నోడు
అట్లే ఉండిపోతాడు.

ఎంటనే శవం కన్ను కొడుతుంది.

ఏడు రోజులు, రోజుకు మూడాటలు.
ఎనిమిదో పొద్దు కత్తెర తీసినా.
ఇరవై ఏండ్లుగా దీంతో బిట్లు అతికించినానే గానీ
ఒక నవ్వును తెంచింది లేదు.
నాలుగు సెకన్లు. ఆరడుగుల ఫిల్ము.
సిమెంటు పూసి, ఊది, రీలెక్కించినా.

ఓనరు గోవిందసామి మొదలియారుకు తెలీదు.
గేటు కాడ ఏలుమలైకి తెలీదు.

ఆ పొద్దు చెంగమ్మ కన్ను కొట్టలా.
అతుకు దగ్గర తెర ఒకసారి ఎగిరింది,
ఇన్‌స్పెక్టరొచ్చి ఇంకేదో జోకేసినాడు.
ఎవురికీ నవ్వు రాలా.

ఆట విడిచినాక మెట్ల కాడ ఒకడు,
గ్రీమ్స్‌పేట పిల్లోడు, పసుపు చేతులు,
"అన్నా, ఆయమ్మను చంపింది ఎవురు?
నడాన నిద్రపోతిని" అన్నాడు.

నోటిదాకా ఒక జోకొచ్చింది. మింగినా.
జేబులో ఫిల్ము ముక్క గరగరమనింది.
ఇరవై రెండాటలు వేసినోణ్ణి,
ఆ ఎవుడో ఒకడు ఎవుడో
ఎంత తవ్వినా గుర్తు రాలా.

"రేపు రా" అన్నా,
"చూసి చెప్తా."