ఇరవై రూపాయల పట్టీ

ఉరవకొండ బస్టాండు వెనక
ఆటో సీట్లు కుట్టే అంగడి నాది.
పదహారేండ్లుగా నేను కుట్టిందంతా
జనం కిందేసుకుని కూర్చునేదే.

ఒక సోమారం పొద్దున తిప్పేస్వామి వచ్చినాడు.
కొండమీద గాలిమరలెక్కి
గ్రీసు పెట్టి దిగొచ్చే మనిషి.
సంచిలోంచి తీసి బల్లమీద పెట్టినాడు
మూరెడు హెలికాప్టరు.
తోక విరిగింది, ఒక రెక్క లేదు,
పళ్లచక్రం సందులో శెనక్కాయ తీగ ముక్క.

"మోటరు బాగుంది, రిమోటు బాగుంది,
నా చెయ్యీ బాగుంది ఇమాంబీ అక్కా.
బ్యాటరీ జారిపోయింది."

రబ్బరు బ్యాండుతో కట్టినాడంట,
పెండ్లి కార్డుల కట్టకేసేది.
పైకి పోయింది, పల్టీ కొట్టింది,
పల్టీలో బ్యాటరీ ఒకదిక్కు, అది ఒకదిక్కు.
ఈయన కిందనుంచి పుల్లలు ఎంత తోసినా
వినేదానికి పైన ఎవరూ లేరు.

మూడు సాళ్లు గాలించి బ్యాటరీని ఏరుకొచ్చినాడు.
ఒక మూల ఉబ్బింది, పొంగిన పూరీ మాదిరి.
"దీన్ని ఇంగ వాడకూడదు, అంటుకుంటుంది" అని
ఇసక పోసిన డబ్బాలో పెట్టి
కొత్తదాన్ని నా చేతికిచ్చినాడు.
తడిసిన సబ్బంత నున్నగా ఉంది.
దీన్నా కట్టేది?

తోలు బెల్టు కుట్టి బకిల్సు పెడతానన్నా.
వద్దన్నాడు.
జారకూడదు, అది సరే,
పొగొస్తే మాత్రం ఒక్క గుంజుతో ఊడాలంట,
కత్తెర వెతికే టైముండదంట.
అప్పుడర్థమైంది నాకు.
మా జేజి దూడకేసే ముడి అది.
దూడ గుంజేకొద్దీ బిగుస్తుంది,
కొట్టంలో మంట లేస్తే
కొస పట్టి లాగితే చాలు,
దాని దావన అది పోతుంది.
విప్పేది తెలిసినాకనే కట్టల్ల అనేది జేజి.

రెండు పట్టీలు, ఒకటి చాలదు.
పిల్లోళ్ల బూట్లకుండే చర్రుమనే వెల్‌క్రో.
అడుగున పాత సైకిలు ట్యూబు, గరుకు దిక్కు పైకి.
కొసకు నాలుగు వరసల కుట్టు,
వేలికి దొరికేంత నాలిక, ఎర్ర రెగ్జినుది,
ఆత్రంలో కూడా కనపడాలని.
వైరు పళ్లచక్రం జోలికి పోకుండా ఒక దారం మడత.

ఆయన నడినెత్తిన రెండువేళ్లతో పట్టి పైకెత్తినాడు.
ముక్కు కిందికి వాలింది.
బ్యాటరీని గోరంత వెనక్కి జరిపినాడు.
ఇంకా వాలింది. ఇంకో గోరంత.
ఫ్యాను ఆపక్కా అన్నాడు.
ఆపినా.
బంగారం తూచేటప్పుడు కూడా
ఇంత నిశ్శబ్దం ఉండదేమో.
నిలిచింది.
బ్యాటరీ ఆగిన చోట సుద్దతో గీత గీసినా.

"పైన నిన్ను నువ్వు దేంతో కట్టుకుంటావు?" అడిగినా.
"రెండు కొక్కేలక్కా.
ఒకటి తీసేముందు ఇంకోటి తగిలించాల."
అంతే చెప్పినాడు.
ఇంకేమో చెప్పబోయి ట్యూబు ముక్కను నలిపినాడు.

ఆదివారం, చెట్లు పెరికేసిన చేన్లో
ఎర్రదుమ్ము లేపుకుంటా పైకి పోయింది.
రెండు చుట్లు తిరిగింది.
ఉన్నట్టుండి తలకిందులై
అట్లే నిలబడింది ఆకాశంలో.
నాలుగు వరసల కుట్టు,
దానికి బ్యాటరీ వేలాడతాంది,
ఆ బ్యాటరీకి హెలికాప్టరు,
దానికి కింద నోరు తెరుచుకుని మేమిద్దరం.
పదహారేండ్లలో మొదటిసారి
నా కుట్టు ఎవరి కిందా లేదు.

దిగినాక తాకి చూసినా.
కోడి కింది గుడ్డంత వెచ్చగా ఉంది.
ఎర్ర నాలిక పట్టి గుంజినా. చర్రుమంది.
అదే చోట, వెంట్రుకవాసి కదల్లేదు,
సుద్దగీతే సగం చెరిగిపోయింది.

ఇరవై రూపాయలిచ్చినాడు.
ట్యూబుకు నేను లెక్క కట్టలేదు.
జాకెట్టు మడతలో సుద్దముక్క ఉండె,
గీత మల్లా గీసిచ్చినా.