పదకొండు కాయల బాకీ

సంపావ్ నాకు పదకొండు కొబ్బరికాయల డబ్బు బాకీ.
అడిగేద్దామనే ఈ పొద్దున ఆమె మెట్ల కింద
పడవ కట్టాను.
కాలవ పోటు మీద ఉంది, మూడో మెట్టు మునిగింది.

లోపల రోలు మోగుతోంది.
మా మేక్లాంగ్ ఒడ్డున పూర్వం పెళ్ళిచూపులంటే
గోడ పక్కన నిలబడి రోకలి చప్పుడు వినడమేనట,
తడబడితే సంబంధం లేదు.
సంపావ్ రోకలి తడబడగా నేను వినలేదు.
ఆయన పోయిన నెల
అసలు మోగనే లేదు.

రమ్మనలేదు, కూర్చోమనలేదు.
కొబ్బరి కోరే కుందేలు పీటను కాలితో నా వైపు తోసింది.
పన్నెండో కాయ పగలగొట్టాను.
బాకీ మాట ఎత్తబోతే మిరపఘాటు గొంతుకడ్డం పడి
దగ్గు. ఒకటే దగ్గు.
అడగాల్సింది ఆ దగ్గులోనే కొట్టుకుపోయింది.

ఎలుక పెంటికల మిరపకాయలు, మా వాళ్ళు పెట్టిన పేరే,
పలకడానికి మనకు సిగ్గు, కాల్చడానికి వాటికి లేదు.
దుంపరాష్ట్రం బిళ్ళలు, నిమ్మగడ్డి మొదళ్ళు,
మట్టివాసన ఇంకా వదలని కొత్తిమీర వేళ్ళు.
ఆ తర్వాత పడాల్సిన ఊదారంగు ముద్ద కోసం
నా కళ్ళు జాడీని వెతికాయి.
క్లాంగ్ ఖోన్ రొయ్యపొట్టు ముద్ద,
ఆయన పట్టి, ఆయన ఎండబెట్టి, ఆయన దంచి తెచ్చేది.
జాడీ బోర్లించి ఉంది.
దాని మీద పిల్లి నిద్రపోతోంది.

"తవిన్‌ను చేపలు తినే ఉంటాయి గదా," అంది
ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.
"సముద్రంలోది ఇక నా నోటికి వద్దు.
ఎవరి కడుపులో ఎవరున్నారో
ఎట్లా తెలుస్తుంది?"

నాకు జవాబు రాదు. చేతులకు పని వచ్చు.
మొదట పిండినవి తల పాలు, తర్వాత పిండినవి తోక పాలు,
మేం అట్లాగే పిలుస్తాం,
పాలు కూడా ఈదుకుంటూ పోయే ప్రాణి అయినట్టు.
ఇవాళ ఆ పేర్లు పైకి అనకుండా
రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టాను.

చిక్కటివి మూకుట్లో పోసి మంట తగ్గించింది.
వేరే వంటల్లో పాలు విరిగితే ఏడుపు,
ఈ కూరలో విరిగేదాకా ఓపిక పట్టాలి.
నూనె కళ్ళు తెరిచి పైకి తేలాక
ముద్ద వేసింది.
కప్పు మీది కాకులు కూడా తుమ్మే ఉంటాయి.

ఉస్తికాయలు, గుమ్మడి చెక్కలు, వెదురు మొలకలు,
పలచటి పాలు, గోరంత కొబ్బరిబెల్లం.
చేపనీళ్ళ చోట పులిసిన సోయారసం
ఒక చుక్క, నాలుక మీద, మళ్ళీ ఒక చుక్క.
కుదరలేదని ఆమె ముక్కుకు తెలుసు, నా ముక్కుకూ తెలుసు.
ఆ ఖాళీ ఎంత వెడల్పో చూసుకుని
అందులోకి ఇంకో నాలుగు మిరపకాయలు చిదిమింది.

చివర నిమ్మాకులు,
ఒక ఆకు కొసకు ఇంకో ఆకు అతికించినట్టుండేవి.
ఒకదాన్ని రెండుగా తుంచి సగం కూరలో వేసింది,
సగం చేతిలో ఉంచుకుంది.
కాసేపటికి అదీ వేసింది.

అన్నం మీద గరిటెడు పోసి నా ముందు పెట్టింది.
ముక్కు కారింది, చెవులు కాలాయి,
కారం వెనక కొబ్బరి తీపి
ఆలస్యంగా, చెప్పులు విడిచి వచ్చినట్టు వచ్చింది.
"ఏం తక్కువైంది?"
అబద్ధమాడితే కనిపెడుతుంది.
నిజం చెబుదామా అంటే
జాడీ మీద పిల్లి ఒళ్ళు విరుచుకుంది.
"ఇంకాస్త అన్నం," అన్నాను.

తాడు విప్పేటప్పుడు లెక్క గుర్తొచ్చింది, పన్నెండు.
తలెత్తేసరికి మెట్ల మీద ఆమె,
"రేపు రెండు కాయలు. ముదురువి చూసి తే."

పోటు తీస్తోంది.
మూడో మెట్టు బయటపడింది, పాకుడు పట్టి.