కుట్టి, ఐదో నెల

జబ్బేమో అనుకుంది పెంచలమ్మ.
జూన్ ఎండలో పుళియంతోపు నించి
వేపేరి పశువుల ఆసుపత్రికి
షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.
డ్రైవరు ముక్కుకి తువాలు చుట్టుకుని
ఇద్దరి చార్జీ పుచ్చుకున్నాడట.

నా తెలుగు చెవిన పడి
రక్తపరీక్షల బల్ల దగ్గరే ఆగిపోయింది.
"సీసాపాలు తాగినోడు, పాపా,
నా కొంగు వదల్నోడు.
ఇప్పుడు చూడు,
తన గడ్డం మీద తానే పోసుకుంటన్నాడు.
కుళాయి కాడ ఏ మేకో తడిపిన నేల వాసన చూసి
పైపెదవి మడిచి
మోర ఎత్తి, ఎవురో జోకు చెప్పినట్టు...
గొంతా, తుప్పు గేటు."

డాక్టరు తమిళంలో నవ్వి
వయసు, అన్నాడు. అంతే.
నాకు మాత్రం రెండు మిల్లీలీటర్ల పని.
మెడ దగ్గర బొచ్చు కత్తిరించాను.
వాడు సూదిని పట్టించుకోలేదు,
స్టీలు బీరువాలో ఇంకో పోతుని చూసి
కొమ్ము మొలకలతో ఢీకొడుతున్నాడు.

మెదడు అడుగున పెసరగింజంత గ్రంథి, చెప్పాను,
ఇన్నాళ్ళూ కునుకు తీసింది.
ఇప్పుడు ఉండుండి వృషణాలకి కబురంపుతుంది.
ధారగా కాదమ్మా,
మెట్రో నీళ్ళ లారీ మీ వీధికొచ్చినట్టు:
లేదు, లేదు, లేదు,
అర్ధరాత్రి హారన్.
బిందెలన్నీ ఒక్కసారే లేస్తాయి.

"లారీకైతే ఫోన్ చేస్తాం.
దీన్నెవురు పిలిచారు?"

సాయంత్రం అంకె వచ్చింది.
ఏప్రిల్లో టీకాల శిబిరంలో తీసినదానికి
ఏడింతలు.
"ఏడింతలని వాడికి తెలుసా?" అంది.
నా దగ్గర ఆ పరీక్ష లేదు.

డాక్టరు ట్రేలోంచి ఇనప పట్టకారు తీశాడు.
రెండు నిమిషాలు, చుక్క రక్తం రాదు,
వాసన పోతుంది, ఒళ్ళు చేస్తాడు, ధర పలుకుతుంది.
దాని రెండు దవడల మధ్య ఖాళీని
పెంచలమ్మ చాలాసేపు చూసింది.
రేపు తెస్తా, అంది.

నవంబరు.
వేపేరి రోడ్డు మోకాలి లోతు.
ప్లాస్టిక్ బుట్టలో గోనెపట్టా కప్పి
పారుకుంటున్న పిల్లని తెచ్చింది.
ఎడమ చెవి కొస తెలుపు.
"మా వీధిలో ఆరున్నాయి ఇట్టాంటి చెవులు.
మా మేకకి ముహూర్తం నువ్వెట్టావా అని
పక్కింటి దేవకిరుబాయి కొట్లాట."
తిట్టినట్టే ఉంది,
మూతి చివర మాత్రం ఇంకేదో.

కుట్టి ఏడీ, నోటిదాకా వచ్చింది.
ఆమె తడి కొంగు పిండుకుంటోంది,
పిండిందే పిండుకుంటోంది.
పుళియంతోపులో కబేళా ఎంత దూరమో
ఇద్దరికీ తెలుసు.

థర్మామీటరు దులిపి చీటీ తీశాను.
వయసు: పది రోజులు.
తర్వాతి గడి దగ్గర కలం ఆగితే
తోక ఎత్తి చూశాను.

మగ.