యాభైయొకటోది

సెప్టెంబరులో గొర్రెల్ని కొండ దింపే రోజు
వాన పడుతుందా అని అడిగాడు
మా మేనమామ ఆస్‌గ్రిముర్.
చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని
దాని మీదుగా కాఫీ పీలుస్తూ అడిగాడు.

ఇంకా పద్దెనిమిది రోజులుంది మామా,
చెప్పలేను అన్నాను.

"అన్నేళ్లు చదివావు.
రైక్యావిక్‌లో నీ మిషను తాగే కరెంటుతో
మా లోయంతా ఒక చలికాలం గడుస్తుంది.
వాన సంగతి చెప్పలేవా?"

చెప్పలేను.
లెక్క తప్పి కాదు, గాలి గుణమే అది.
మూడో దశాంశం తర్వాత నేను వదిలేసిన అంకె
సముద్రం మీద తొమ్మిది రోజులు నానుతుంది.
పదో రోజుకి ఏకు మేకై
గ్రీన్‌లాండ్ వైపు నుంచి తుఫానై లేస్తుంది,
లేదా లేవదు.
అంత సన్నగా చూసే థర్మామీటరు లేదు.
ఉన్నా, దాని పక్కన నిలబడ్డ మనిషి ఊపిరే
ఆ అంకెని కదిపేస్తుంది.

అందుకే ఒక్క ఆకాశాన్ని నమ్మను.
యాభై నడుపుతాను.
ఒకే పొద్దున, ఒకే సముద్రం, ఒకే మంచు.
ఒక్కోదాని చెవిలో
వెయ్యో వంతు డిగ్రీ తేడా ఊదుతాను.
మొదటి వారం కవలల్లా చేతులు పట్టుకు నడుస్తాయి.
మూడో వారానికి
ఒకదాని మొహం ఒకటి గుర్తుపట్టదు.
పదిహేడో దానిలో మా ఊరి వంతెన కొట్టుకుపోతుంది.
ముప్పైరెండో దానిలో అదే రోజు
ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు.

మామ నవ్వాడు.
"నేను మోకాలి నొప్పిని అడుగుతాను,
నువ్వు మిషన్ని అడుగుతావు. అంతేగా."

లాప్‌టాప్ అతని వైపు తిప్పాను.
ఈ నెల కాదు, ఇక్కణ్నుంచి నలభై ఏళ్లు.
యాభై గీతలు, పిల్లి ఆడుకున్న ఉన్నిలా.
ఏ ఏడు ఎక్కాలో ఏ ఏడు దిగాలో
ఏ రెండింటికీ పొత్తు లేదు.
కానీ ఉండ మొత్తం ఒక పక్కకే దొర్లుతోంది.
వంటింటి కిటికీలోంచి కనబడే హిమానీనదం
యాభైలో ఏ ఒక్కదానిలోనూ లేదు.
ఒకచోట నాలుగేళ్లు ముందు,
ఒకచోట ఆరేళ్లు వెనక.

చాలాసేపు మాట్లాడలేదు.
బల్ల కింద ముసలి కుక్క స్కుగ్గి
కలలో దేన్నో తరుముతూ కాళ్లు ఆడించింది.

"జూన్‌లో మూడొందల గొర్రెల్ని పైకి వదులుతాను.
ఫలానా రోజు ఫలానా గొర్రె
ఏ రాయి వెనక ఉందో దేవుడికీ తెలీదు.
మంద ఎక్కడుందో మాత్రం నాకు తెలుసు.
ఏటికి ఇవతల, మంచుకి దిగువ,
గడ్డి ఉన్నంత మేర.
నువ్వు చెప్పేది ఇదేనా?"

ఇదే మామా.
నా సిద్ధాంత వ్యాసం మొదటి నలభై పేజీలూ ఇదే.

"అయితే గొర్రెలు మారలేదు.
కొండే జరుగుతోంది."

పెన్ను వెతికి
ఉన్ని అమ్మిన రసీదు వెనక
ఆ మాట రాసుకున్నాను.

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఆగాడు.
"ఆ యాభైలో మనం ఉన్నది ఏది?"

ఏదీ కాదు.
మనది యాభైయొకటోది.
దాన్ని ఆపి మళ్లీ మొదటినుంచి నడపడం
నాకు రాదు.
దాని చెవిలో ఊదుతున్నది వెయ్యో వంతు కాదు,
ఊదుతున్నది నేనొక్కదాన్నీ కాదు.

ఇదంతా పైకి అనలేదు.
"వాన కోటు వెంట ఉంచుకో" అన్నాను.

గొర్రెల్ని దింపిన రోజు
మధ్యాహ్నం దాకా ఎండ.
తర్వాత పావుగంట చినుకులు,
ఎటూ తేల్చని చినుకులు.
రాతి దొడ్డిలో ఊరంతా
చెవి గాట్లు చూసి ఎవరివి వాళ్లు లాక్కుంటున్నారు.
మామ లెక్కపెట్టాడు.
రెండు తక్కువ.

"అవీ దిగుతాయి" అన్నాడు,
కొండకేసి కాదు,
దాని వెనక తెల్లగా ఉన్నదానికేసి చూస్తూ.