ఒక మెట్టు తెలుపు

ఏలూరు రోడ్డు రంగుల షాపులో
పేకముక్కల్లా పరిచాడు కుర్రాడు.
అన్నీ బూడిదలే, అన్నిటికీ ఇంగ్లీషు పేర్లే.
మన దగ్గరున్నది ఒక్కటే మాట కదా,
అంట్లు తోమినా అదే, నుదుట పెట్టినా అదే.

కోటమ్మ పిన్ని ఫోన్లోనే విసుక్కుంది:
"ఇల్లు బూడిదవడం విన్నాం గానీ
కొని మరీ పూసుకోవడం ఏంటే?"
లేత గులాబీ వేసుకోమంది.
నవ్వి ఊరుకున్నాను.
ఆవిడుండేది బ్రాడీపేటలో, రెండో అంతస్తులో.
నీళ్ళు చూడలేదు.

మా హాలు అంతకుముందు చిలకపచ్చ.
బుడమేరు పాయకాపురంలోకొచ్చి
ఎనిమిది రోజులు కూర్చుని వెళ్ళాక
నడుం దాకా ఒక రంగు, పైన ఒక రంగు,
మధ్యలో గీత,
తాపీ మేస్త్రీ దారం కట్టి గీసినంత సూటిగా.
రెండుసార్లు కప్పాం.
ముసురు పట్టగానే మళ్ళీ తేలింది,
అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు.

మస్తాన్ వలీ గోడకి అరచెయ్యి ఆనించి
జ్వరం చూసినట్టు చూశాడు.
"ఇంకా తాగే ఉందమ్మా" అన్నాడు.
నెల ఆగమన్నాడు. ఆగాం.
తర్వాత పుట్టీ పెట్టి, గరుకు కాగితం రుద్ది
టీవీ గోడ మీద నాలుగు చదరాలు వేశాడు
నాలుగు లీటరు డబ్బాల్లోంచి.

మొదటిది పొద్దున పూట వంకాయ పువ్వు,
ట్యూబులైటు వేస్తే పాచి.
రెండోది పలక. దాని ముందు కూచుంటే
ఎక్కాలు అప్పజెప్పాలనిపించింది.
మూడోది ఈయనకి నచ్చింది,
"వెచ్చగా ఉంది, కాస్త మట్టి కలిసినట్టు" అన్నారు.
నాలుగోది మరీ పలచన,
తెల్లారుజామున బ్యారేజీ మీంచి చూసే కృష్ణలా
ఉందో లేదో తెలీదు.

మూడోదే అనుకున్నాం.
హిమజ ఆ కార్డు పట్టుకుని ఇల్లంతా తిరిగింది,
సోఫా కవరు పక్కన, కర్టెను పక్కన,
బీరువా కింది అర తెరిచి లోపల కూడా పెట్టింది.
"అమ్మా, కార్డు కనపట్టల్లేదు."

వంగి చూశాం.
ఎన్నిసార్లు కడిగినా మూలల్లో మిగిలిపోయిన ఒండ్రు,
ఎండి, బీటలిచ్చి,
సరిగ్గా అదే రంగు.
కార్డు అంచెక్కడో వేలితో తడిమితే గానీ దొరకలేదు.
మా పెళ్ళి ఫోటోలు ఉండేవి ఆ అరలోనే.
ఎవరం ఏం మాట్లాడలేదు.
ఈయన వెళ్ళి మోటారు ఆపొచ్చారు.
అది అప్పటికే ఆగి ఉంది.

కాసేపటికి,
"ఇందులోనే ఒక మెట్టు తెలుపు దొరుకుతుందా?"
నీలం అంటారనుకున్నాను. నేనైతే నీలమే అందును.
కానీ ఆ మాట విన్నాక
నాకూ అదే కావాలనిపించింది, ఎందుకో.

"మీకెంత దాకా వచ్చింది?"
మస్తాన్ వలీని ఇన్ని రోజులకి అడిగాను.
వాంబే కాలనీలో ఉంటాడని మొదటిరోజే తెలుసు.
అతను బ్రష్షు ఎత్తి
ద్వారబంధం పైకమ్మికి ఆనించి చూపించాడు.
మళ్ళీ డబ్బాలో ముంచుకున్నాడు.

మూడు రోజుల్లో హాలు అయిపోయింది.
బాగుంది. ఇదేం రంగని అడిగినవాళ్ళకి
ఒక్కొక్కళ్ళకి ఒక్కోటి చెబుతున్నాను.
గీత సంగతి వానొస్తే గానీ తెలీదు.

వెళ్ళే రోజు డబ్బులు లెక్కచూసుకుని
వద్దనుకున్న ఆ నాలుగు డబ్బాలూ అడిగాడు.
గుమ్మం ముందే చెవి విరిగిన బకెట్లో
నాలుగూ వంపి వేపపుల్లతో తిప్పాడు,
వంకాయ పువ్వు, పలక, కృష్ణ,
ఆ మూడోది కూడా.
"ఒక గోడకి సరిపోద్దండీ."

ఏ కార్డులోనూ లేని రంగు.
సైకిలు ఎక్కలేదు. బకెట్టు సీటు మీద పెట్టి
ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి బకెట్టు మీద,
మా వీధి గుంతలన్నీ తెలిసినవాడిలా
తొణక్కుండా నడిపించుకెళ్ళాడు.