ఎడమ గీత, పై గీత

ఆరిలోవలో రాత్రి పదకొండున్నర.
రెండు తలుపుల వెనక, గ్లవ్సుల మీద గ్లవ్సులు వేసుకుని
సంచీలోంచి పది మైక్రోలీటర్లు తీశాను.
సంచీ మీద పేరుండదు, నంబరే.
అయినా నాకు తెలుసు: జోడుగుళ్లపాలెం, మైలపల్లి ఎల్లాజీ,
ఏభై మూడేళ్లు, ఎముక మజ్జలో కేన్సర్.

నీలం చుక్క కలిపి గాజుపలక మీద వదిలాను.
చచ్చిన కణం రంగును లోనికి రానిస్తుంది.
బతికున్నది రానివ్వదు,
నీలం మధ్యలో తెల్లగా, మొండిగా మెరుస్తుంది.
గడుల్లో లెక్కకి ఒక నియమం:
ఎడమ గీత మీద, పై గీత మీద కూర్చున్నవి మనవి.
కుడివి, కిందవి కావు.
ఒకే ప్రాణాన్ని రెండుసార్లు రాయకూడదు కదా.

తొంభై నాలుగు శాతం.

కానీ ఈ నీలానికి మంచీ చెడూ తెలీవు.
పీహెచ్‌డీ రోజుల్లో ఇదే జబ్బు కణాల్ని ఫ్లాస్కులో పెంచాను.
రెండ్రోజులకోసారి మేత.
దీపావళి నాడూ, మా తాతయ్య పదో రోజు నాడూ
మద్దిలపాలెంలో బస్సు దిగి వచ్చి మేత మార్చాను.
అవీ ఇలాగే మెరిసేవి, ఇంకా బాగా.
ఒక వానాకాలం బూజు పట్టి అన్నీ పోతే
మెట్ల మీద కూర్చుని ఏడ్చాను,
కేన్సర్ చచ్చిపోయిందని.

మధ్యాహ్నం ఎల్లాజీ భార్య ఎర్రమ్మ కారిడార్‌లో ఆపింది.
"ఐసులో ఎట్టీసినట్టేనా అమ్మా?"
అలాంటిదే, ఇంకా చల్లగా అన్నాను.
హార్బర్‌లో ముప్పై ఏళ్లు గంపలకి ఐసు కొట్టిన మనిషి.
"ఐసులో ఎట్టిన సేప మళ్లీ ఈదదు గదా."
చెప్పాల్సిందంతా నా దగ్గరుంది:
నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున దించుతామని,
లోపలి నీరు ముళ్లై పొడుచుకోకుండా మందు కలుపుతామని.
ఆవిడ నా చేతుల వైపే చూస్తోంది.
ఆ పూట చెప్పలేదు.

యంత్రం దాని పని చేశాక
సంచీని పొగలు కక్కే నైట్రోజన్ తొట్టిలోకి దించాను.
మూత.

పందొమ్మిదో రోజు వార్డులో, ముప్పై ఏడు డిగ్రీల నీళ్లలో
చంటిపిల్లకి నీళ్లు పోసే చేత్తో సంచీని కదిపాను.
ఎక్కిస్తుంటే ఆ మందు వాసన గదంతా.
వెల్లుల్లి అన్నాను నేను.
పాసిపోయిన పులుసు అంది ఆవిడ.
ఎల్లాజీ నవ్వబోయి దగ్గాడు.

మిగిలిన చుక్కతో ల్యాబ్‌కి పరుగు.
ఎడమ గీత, పై గీత.
అద్దం అవతల ఎర్రమ్మ, నా వెనకే వచ్చినట్టుంది.
"ఈదుతున్నాయా?"

రిపోర్టులో దానికి గడి లేదు.
డెబ్బై ఒకటి అని రాసి
సంతకం పెట్టి, టైము వేశాను.